ఇరవై ఏడో స్తంభం

మొదటిదాన్ని సిమెంటు సంచిల దాచిన.
కరెంటు పోయిన తెల్లారి, హజర్ గుట్టల నడుమ,
ఇరవై ఏడో స్తంభం మొదలు కాడ
రెక్క సగం కాలి, పసుపు మొహం మన్నుకు ఆన్చి
పడున్నది తెల్ల బొర్రగద్ద.
ఫోర్‌మన్ అడిగితే గాలికి తీగెలు తగిలినయన్న.
గాలి వచ్చి సాక్ష్యం చెప్తదా?

మా దిక్కు దీన్ని చూస్తే మొహం తిప్పుకుంటం.
పీనుగుల పిట్ట, ఇంటి మీద వాలితే కీడు.
ఇక్కడ వాలనీకి చెట్టేది?
వాదీకి రెండు దిక్కుల రాళ్లే.
మేం పాతిన స్తంభాలే దాని చెట్లు.
ఇనుప కొమ్మ మీద కూసుంటది, రెక్క విప్పుతది,
అటు తీగె, ఇటు తీగె,
ఇంక అంతే.

నాలుగోది దొరికిననాడు
బడి టీచరమ్మ శమ్సా వచ్చింది.
చేతిల గీతల నోట్‌బుక్కు, ఎనక ఆరుగురు పిల్లలు.
"కమ్?" అన్నది.
ఎన్ని, అని.
అరబ్బీల నేను నేర్చిన మొదటి మాట,
టమాటల కాడ, సిమ్ కార్డు కాడ, మంగలి కాడ వాడేది.
సచ్చినవాటిని గూడ గట్ల అడుగుతరని తెల్వదు.
ఒక్కటే అందామనుకున్న.
నాలుగు వేళ్లు వాటంతట అవే లేసినయి.

తర్వాత శుక్రవారాలు వాదీలకు దిగుడు మొదలైంది.
మేకల కాపరి దాద్‌కరీం,
ఖర్జూర తోటల బరిశాల్ పిలగాడు మొజమ్మెల్,
మా రూంల లింబాద్రి, నేను, ఊరోళ్లు.
సెలవుకొచ్చి మాంసం కాల్చుకొని పోయినోళ్ల బొగ్గులు,
పెప్సీ డబ్బలు, డైపర్లు,
ముండ్లకు చిక్కి రెపరెపలాడే నల్ల కవర్లు.
మడుగుల మిగిలిన నీళ్లల్ల వేలెడంత చేపలు
లింబాద్రి మడిమ పగుళ్లను కొరికినయి.
కదల్లేదు వాడు.
"ఆరేండ్ల సంది నన్ను ముట్టినోళ్లు లేరురా" అని
నవ్విండు, నవ్వి నీళ్ల దిక్కు చూసిండు.

మేకలకిచ్చే నొప్పుల సూది
సచ్చిన మేకల నుంచి పిట్టల కడుపులకు పోతదని
డాక్టరు చెప్పిననాడు
దాద్‌కరీం తిట్టిండు. మేక నొప్పి నీకేమెరుక అన్నడు.
మూడు రోజులు మాట్లాడలే.
నాలుగో నాడు సీసలన్ని తెచ్చి
టీచరమ్మ బల్ల మీద పెట్టి, సలాం గూడ చెప్పకుంట పోయిండు.

కంపెనీ తొడుగులు పంపింది.
స్తంభాలు మూడు వందల పన్నెండు.
తొడుగులు నలభై జతలు.
ఇంజనీరు రోడ్డు పక్కన వేద్దామన్నడు, ఫొటోలకు బాగుంటది.
అప్పుడు ముసలి మర్హూన్‌ను పిలిచిన్రు.
ఫలజ్ నీళ్లు పంచేటాయన,
చుక్కను చూసి ఒకరి మడి మూసి ఇంకొకరిది తెరిచే చెయ్యి.
పిల్లలు రెండు నెలలు రాసిన నోట్‌బుక్కు ముందట పెడితే
చదువు రాదు గద,
వాలిన కాడల్లా పెట్టిన చుక్కలను వేలితో తడిమిండు.
"నీళ్లకైనా దీనికైనా ఒకటే లెక్క.
ఎవరికి దూప ఎక్కువో వాళ్ల దిక్కు ముందు."

మా తమ్ముని బోరు ఐదు వందల అడుగులు పోయి
దుమ్ము ఊదింది. పక్కోడు ఆరు వందలు ఏసిండు.
ఆ అప్పుకే నేను ఈ రాళ్లకొచ్చిన.
నీళ్లను గిట్ల గుండ్రంగ కూసొని పంచుకునుడు
నేను మా ఊర్ల చూడలే.
చూసుంటే ఏమయ్యేదో, ఇప్పుడెందుకు.

నా ఇరవై ఏడు ముప్పై తొమ్మిదోదిగ వచ్చింది.
లైను బందు పెట్టి, నేనే ఎక్కి, నేనే బిగించిన.

పోయిన మంగళవారం
అదే స్తంభం మీద పగిలిన పింగాణి మార్చాలె.
నిచ్చెన భుజానున్నది.
పైన అది కూసున్నది,
మెడ ఈకలు గాలికి చెదిరి, నిద్ర లేచిన పసిపోరని లెక్క.
రెక్క విప్పింది. అటు తీగె, ఇటు తీగె.
నా పండ్లు కరుసుకుపోయినయి.
ఏం కాలే. మళ్ల ముడిచింది.

ఫోన్ మోగింది. ఫోర్‌మన్.
ఇంకా ఎక్కలేదా, ఏం చేస్తున్నవ్?
రెండు వందల డెబ్బై రెండు స్తంభాలు ఇంక బోసిగున్నయని
చెప్పాలనిపించింది.
"పైన ఒకరున్నరు సార్" అన్న,
"దిగినంక ఎక్కుత."