ఎత్తలేని రోలు

డిండి వాగు దాటినంక తొవ్వ గుట్టెక్కుతది.
సంచిల ఉలి, సుత్తె,
రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిగడ్డ.
"రోళ్లకు గంట్లు కొడ్తం, ఇసుర్రాళ్లకు గంట్లు కొడ్తం" అని
నాలుగూళ్లు తిరిగి గొంతు పోయింది.
ఇయ్యాల దొరికింది ఒక్క రోలు.
ఇంటింటికీ మిక్సీ, నా ఉలికి తుప్పు.

రొట్టె తిందామని పెద్ద బండ మీద కూసున్న.
పక్కన ఒక గుంత
పడవ లెక్క సాగి, నున్నగ.
వాన చేసింది కాదు, నాకెరుకే.
నీళ్లు తిన్న రాయి వేరే, చెయ్యి తిన్న రాయి వేరే.
మా అవ్వ బుగ్గమ్మ నా ఏళ్లు పట్టుకొని
నేర్పిన సదువు ఇదొక్కటే.

ఏలు పెట్టి సూసిన.
కుడిదిక్కు ఎక్కువ అరిగింది.
బరువంత ముందుకేసి తోసే మనిషి.
మోకాళ్లు ఆనే జాగ
నా మోకాళ్లకు సరిగ్గ సరిపోయింది.
ఎవతివే నువ్వు?

అప్పటికి నీకు ఊరు లేదు.
ఉడుము ఏడుంటే ఆడ, రేగుపండు ఏడ రాల్తే ఆడ,
ఈ వాగెండితే ఇంకో వాగు.
అన్నీ మోసినవ్,
పిల్లను, నిప్పును, నడవలేని ముసల్దాన్ని కూడ.
ఈ బండను మాత్రం మొయ్యలేకపోయినవ్.

గంతే గదా అయ్యింది?
అండుకొర్రలు దూసుకొచ్చి ఈడ నూరినవ్.
మల్లేడు గింజకాలానికి మల్ల ఈడికే వచ్చినవ్.
నూరంగ చెదిరిన గింజ
బండ సందుల మొలిచి ఉన్నది.
తొక్కకుండ
కాలు పక్కకు పెట్టినవ్.

నీ మొగడు నవ్వి ఉంటడు,
"గడ్డికి కావలి కాస్తున్నవా" అని
విల్లు భుజాన ఏసుకొని అడివి దిక్కు పోయి ఉంటడు.
మూడు దినాలకు ఒట్టి చేతుల్తోని వచ్చి
గింజలడిగితే పెట్టినవ్.
ఒక్క పిడికెడు ఎనక దాసినవ్.
రాత్రి పిల్ల ఆకలికి ఏడ్సింది.
అయినా తియ్యలే.

ఆ పిడికెడు మీద నాకు
దండమూ ఉన్నది, కోపమూ ఉన్నది.
గెట్టు అందులకెల్లే మొలిచింది,
గెట్టుకాడ తగువు, తగువుకాడ పటేలు,
పటేలు చేతుల పట్టా.
ఉడుము కోసం ఎవ్వరూ మొగులు దిక్కు సూడలే తల్లీ,
మొగులు దిక్కు సూసుడు
నీతోనే మొదలైంది.

మా కురుమయ్య మూడెకరాల ఉలవచేన్ల
మూడేండ్లు అట్లనే సూసి సూసి
పుణెకు పోయిండు, మట్టి మొయ్యనీకి.
నువ్వు ఆగిన జాగకెల్లే మేం లేసినం.
మల్ల ఈపు మీద మూట, మూట పక్కన పిల్ల.
బస్సెక్కేటప్పుడు మా అత్త
ఇత్తనాల కుండను మాత్రం ఎవ్వరినీ ముట్టనియ్యలే.
దూలానికి ఏలాడదీసి వచ్చింది.

పొద్దు వాలుతున్నది.
నున్నగైన రోట్లె గింజ జారుతది గదా.
ఉలి తీసిన. సుత్తె లేపిన.
మల్ల దించిన.
ఎన్ని పెయ్యిల చెమట తాగితే
ఇంత నునుపు వచ్చిందో!

అయినా చెయ్యి ఊకోదు.
అంచు మీద ఒక్క గంటు కొట్టిన, ఒక్కటే.
కూలి బాకీ పెట్టుకో.
పైసలొద్దు, పిడికెడు గింజలియ్యి.
మల్లేడు ఇదే కాలానికి
ఈడికే వస్త.