ఎనిమిదో గుంత

లాల్‌బాగ్ టికెట్ కౌంటర్ దగ్గర
ఓబులేసు మామది ఒకటే సణుగుడు.
"రాయిని చూసేదానికి దుడ్డా?"
నలభై ఏళ్లు రాయి కొట్టి దుడ్లు తీసుకున్నవాడు.

బండ ఎక్కేముందు చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.
దేవుడి కోసం కాదు,
పొర ఏ పక్కకి వాలిందో పాదానికి తెలుస్తుందంట.
మూడు వందల కోట్ల ఏళ్ల బండ ఇది, అన్నాను.
"అందుకే ఉలికి ఇంత మొండి."

పైన కెంపేగౌడ గోపురం.
కోటంత ఉంటుందనుకున్నా.
నాలుగు రాతి కంబాలు, నెత్తిన టోపీలా చిన్న శిఖరం,
కారు తాళంతో గీకిన ఎవరో చైత్ర, ఎవరో మధు.

ఊరు ఈ హద్దు దాటకూడదని కట్టించారంట మామా,
చదువుకున్నవాడి గర్వంతో చెప్పాను.
మామ దక్షిణానికి చూశాడు.
జయనగర్, దాని వెనక జేపీ నగర్, దాని వెనక
క్రేన్లు, ఇంకా పేరు పెట్టని లేఔట్లు.
"బాగా మాట విన్నింది ఊరు," అన్నాడు.

గోపురం చుట్టూ తిరగనే లేదు.
వెనక వాలులో, బండలో ఒక వరస గుంతల ముందు
గొంతుక్కూర్చున్నాడు.
చీలలు దిగ్గొట్టడానికి తొలిచినవి, బెత్తెడుకొకటి.
పంటి డాక్టరులా వేలు పెట్టి చూశాడు ఒక్కొక్కదాన్నీ.
ఏడు నిండుగా ఉన్నాయి.
ఎనిమిదోది గోరు లోతు.

"వీడు లేచిపోయినాడు."
ఎవడు?
"వీడే."
ఎప్పుడు?
"సంగటి పొద్దుకి."
నిన్నటి పని సంగతి మేస్త్రీకి చెప్పినట్టు.

ఎందుకు తిరిగి రాలేదో ఇద్దరం ఆలోచించాం.
కూలి తెగలేదేమో. జ్వరమేమో.
కంట్లో రవ్వ పడిందేమో, అన్నాను.
మామ ఎడమ కన్ను పోయింది అట్లాగే.
నాలుక కరుచుకున్నా.
ఆయన ఎండ కేసి తిరిగి, ఉన్న కన్ను చికిలించాడు.

వాడు మనవాడేనా, మన మాటేనా వాడిదీ
అని అడగబోయి ఊరుకున్నా.
ఉలి దెబ్బకి యాస ఉంటుందా?

స్కూటర్ తాళం ఒకసారి ఇయ్యి, అన్నాడు.
ఇవ్వలేదు.
గార్డు ఈల వేశాడు, రెండోసారి గట్టిగా.

మెట్రోలో మెజెస్టిక్ దాకా మాట్లాడలేదు.
బొటనవేలి గోటిని చూపుడువేలి మీద ఆనించి
ఏదో కొలుచుకుంటూనే ఉన్నాడు.
తలుపులు తెరుచుకుంటుంటే అన్నాడు:
"ఒక్క పూట పని రా.
ఒక్క పూట."