లాగ

పలాసలో ఏప్రిల్ అంటే ఒంటిపూట బడి,
గోడవతల జీడి బట్టీల పొగ.
ఎనిమిదో తరగతి, బి సెక్షను.
నల్లబల్ల మీద నా చేతిరాతలో
‘ఆమె ముఖము చంద్రునివలె ఉన్నది.’

ఇరవై రెండేళ్ళుగా అదే చంద్రుడు.
సుద్దముక్కలు అరిగాయి గానీ వాడు అరగలేదు.

వెనక బెంచీలోంచి ఢిల్లేశు లేచాడు.
“చంద్రుడికి ముక్కు నేదు గదండీ.
మా అప్పని అలగంటే సీపురుకట్ట తీస్తాది.”
తరగతంతా ఘొల్లుమంది.
నవ్వాపుకుని డస్టరు తీశాను.
సరే, తుడిచేశాను. ఇక మీరే చెప్పండి.

ఎవరూ నోరు విప్పలేదు.
పోలిక అడిగితే పుస్తకం తెరవడమే అలవాటు.
అప్పుడు జీడిపండు సంగతి చెప్పాను:
మామిడికి పిక్క కడుపులో ఉంటుంది,
జీడికి బయట, కింద వేలాడుతుంటుంది.
కొన్ని మాటలూ అంతే.
కోసి చూస్తే లోపల ఏమీ దొరకదు,
అర్థం బయటెక్కడో వేలాడుతుంటుంది.
తొందరపడి కొరికితే పెదవి పొక్కుతుంది.
కాల్చాలి, ఆరనివ్వాలి, చూసి కొట్టాలి.

“పరీచ్చలో వస్తాదేటండి అది?” అన్నాడు సింహాద్రి.
రాదన్నాను.

ఢిల్లేశు మళ్ళీ లేచాడు, వాడికి కూర్చోవడం చేతకాదు.
“పిక్కలు కోసి కోసి పిక్కలు పీకేస్తన్నాయని
రోజూ రాత్రి మా నాయనమ్మ మూలుగుతాదండి.”
కాలితో తొక్కుతూ జీడిపిక్కలు కోసే మిషను,
రాత్రికి కాలి పిక్కల్లో సలుపు.
ఒకే మాట రెండుసార్లు, రెండు అర్థాలు.
దాన్ని యమకం అంటారని చెప్పాను.
“మా నాయనమ్మకి సెప్తాను,” అన్నాడు గర్వంగా,
ఆవిడ జబ్బుకి ఇన్నాళ్ళకి పేరు దొరికినట్టు.

గోడవతల కటింగు మిషన్లు కటకట, కటకట.
వినండర్రా, అన్నాను, అదీ అనుప్రాస.
“కటకటంటే ఇంట్లో బియ్యం నేకపోడం కూడానండి.”
ఎవరన్నారో చూడలేదు.
శ్లేష వచ్చే ఏడాది పాఠం.

తుఫాను రాత్రి వాళ్ళ కొబ్బరిచెట్లన్నీ
నడుసుకుంటూ ఒడిసా ఎల్లిపోనాయంది హైమావతి.
అబద్ధం, అని అరిచారు పిల్లలు.
కాదు, అతిశయోక్తి.
“మరయితే సెట్లకి డబ్బులిచ్చీసినామని
కాయితంలో రాసినారు, అదేటండి?”
అది అలంకారం కాదమ్మా, అన్నాను.

బెల్లుకి ముందు పుణ్యవతి చెయ్యెత్తింది.
ఏడాదిలో మొదటిసారి.
“మా అమ్మ ఏళ్ళు
రబ్బరెట్టి సెరిపీసిన అచ్చరాల్లాగుంటాయండి.
బియ్యం కాడ మిషను సదవనేకపోనాది.”

జీడి చమురు వేలిముద్రల్ని తినేస్తుంది,
ఆముదం రాసుకున్నా, బూడిద రాసుకున్నా.
ఉపమేయం వేళ్ళు, ఉపమానం అక్షరాలు,
విడదీసి చూపిద్దామని సుద్ద పట్టుకున్నాను.
‘లాగ’ కింద గీత గీయాలి.
గీయలేదు.
“లాగ తీసియ్యొచ్చా అండి?” అంది తనే.
తీసేస్తే రూపకం అవుతుంది, అన్నాను.
“రూపకం కాదండి.
తీసీసినా నిజమే గదండి.”

వార్షిక పరీక్ష. ఉపమాలంకారానికి ఉదాహరణ, రెండు మార్కులు.
ముప్పై ఎనిమిది పేపర్లలో ముప్పై ఎనిమిది చంద్రులు.
ఢిల్లేశు కూడా. ముక్కు సంగతి ఎత్తలేదు.
పుణ్యవతి కూడా.
రెండేసి మార్కులు వేశాను, వేయక ఏం చేస్తాను.
దిద్దేవాళ్ళకి ఏం కావాలో వాళ్ళకి నేర్పింది నేనే.

ఆమె చంద్రుడి కింద మాత్రం
పెన్సిలుతో రాసి, గట్టిగా చెరిపేసిన ఒక వరస.
కాగితం అక్కడ పలచబడింది.
కిటికీ దగ్గరికెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

చదవగలిగాను.