ఏడున్నర కొలత

పేచ్ పట్నం, హంగరీ. తోలు వాసన వదలని మూడో అంతస్తు.
రేపటి పరీక్షకి వల్లెవేస్తున్న జొంబోర్ ఆగాడు:
"అమ్మమ్మా, నియంతృత్వం ఎడమవాళ్ళదా, కుడివాళ్ళదా?"

ఎటెల్కా సూదిలోకి దారం ఇంకా దూరలేదు.
"నలభై నాలుగులో ఒకడొచ్చాడు, ఆకుపచ్చ చొక్కా.
మేకపిల్ల తోలుతో చేతి తొడుగులు కుట్టమన్నాడు.
కొలత ఏడున్నర. డబ్బివ్వలేదు.
యాభై ఒకటిలో ఇంకొకడు, నీలం పట్టీ టోపీ.
కామ్రేడ్ అన్నాడు, కాఫీ అడిగాడు.
వాడిదీ ఏడున్నరే.
పాత నమూనా కాగితం పారెయ్యకపోవడం మంచిదైంది."

"మరి తాతయ్య?"

"మొదటివాళ్ళు ఎడాపెడా వాయించి పళ్ళు రాలగొట్టారు.
పళ్ళెలా పోయాయో రాసివ్వమన్నారు రెండోవాళ్ళు.
రాశాడు.
చేతిరాత చాలా బావుందని వెంట తీసుకెళ్ళారు."

కుట్టు సగమైన ఎడమ తొడుగుని
వేలు వేలూ లాగి తిరగేసిందామె.
కుడిచేతిదైంది.
కుట్లు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

"రెండూ ఒకటేనని రాయకు, మార్కులు పోతాయి.
పాటలు వేరు. పగలు వేరు.
గోతులు తవ్వించిన చోట్లు కూడా వేరు."

జొంబోర్ పుస్తకం మూశాడు.
ఆమె టేపు అందుకుంది.
"ఏదీ, నీ చెయ్యి ఇలా పెట్టు."