మూడో కాలమ్

తిరుపతిలో మధ్యాహ్నం రెండున్నర.
కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి.
తులనాత్మక న్యాయశాస్త్రం మాత్రం ఆగకూడదని
బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశాను.

ఎడమ పక్క ఫ్రాన్సు.
కుడి పక్క ఇంగ్లాండు, దాని తోక పట్టుకొని మనం.
కింద ఒక బావి, బావిలో ఒక పిల్లాడు,
గట్టున ఏ చుట్టరికమూ లేని మనిషి.
ఫ్రాన్సులో చెయ్యి అందించకపోతే జైలు.
ఇంగ్లాండులో కూర్చుని చుట్ట కాల్చుకోవచ్చు,
పాపమే తప్ప నేరం కాదు.

ఇరవై ఏళ్ళ పాఠం.
ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ రాసుకుంటారో
నాకు కంఠతా వచ్చు.

చిత్తూరు బస్సు దిగి రోజూ ఆలస్యంగా వచ్చే
మునిచంద్రిక లేచింది.
"సార్, ఆ బావి ఎవురిది?"

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను.
"ఎవరిదైతే ఏమమ్మా, ఉదాహరణే గదా."

"మా జేజినాయన అట్లనే గట్టున నిలబడినాడు సార్.
గానుగలాడే కాలం.
పడింది పెద్దింటి పిలగాడు.
ఆ బావి రాట్నం మావోళ్ళు ముట్టకూడదు.
ఆయన రాట్నం ముట్టలా.
దూకేసినాడు.

పిలగాడు బతికినాడు.
నీళ్ళు మైలపడినాయని పంచాయితీ పెట్టి
తప్పు కట్టించినారు, రెండు మణుగుల బెల్లం.
పిలగాడు బతికినందుకు ఆ ఇంట్లో మొక్కు పొంగలి.
ఆ బెల్లంతోనే.
ఇది ఏ కాలమ్‌లో రాసుకునేది సార్?"

చేతిలో సుద్దముక్క విరిగిందని రాస్తే అబద్ధం.
చెమటకు కాస్త మెత్తబడింది, అంతే.
"పదిహేడో అధికరణం..." అన్నాను.
"అది అప్పటికే ఉండింది సార్.
బావికాడికి రాలేదు."

బోర్డు చివర జానెడు చోటుంది.
ఇంకో గీత గీశాను, వంకరగా వచ్చింది.
పైన ఏ దేశం పేరు రాయాలో తెలీక
ఖాళీగా వదిలేశాను.
ముందు బెంచీ వాళ్ళు ఆ ఖాళీని కూడా
నోట్సులో దించుకున్నారు.

గంట కొట్టాక వరండాలో అడిగాను,
"ఆ పిల్లాడు?"

"ఉండాడు సార్, యాభై దాటింటాయి.
జేజినాయన పోయిన దినం వొచ్చినాడు.
పూలదండ తెచ్చినాడు.
మా వాకిలి అవతలే
చానాసేపు నిలబడినాడు."