పెళ్ళి క్యాసెట్టు చివర నాలుగు నిమిషాలు

చీమకుర్తిలో అప్పట్లో నా కొట్టు పేరు నూర్ వీడియో.
రోజుకి పది రూపాయలు,
రివైండ్ చెయ్యకుండా ఇస్తే పదకొండు.
మద్రాసు నించి దిగిన అట్టపెట్టెలో
నేనడగని క్యాసెట్టొకటి వచ్చింది.
పైన ఇద్దరు నల్లవాళ్ళు, ఒక గొడుగు.
నా చేత్తోనే చీటీ రాసి అంటించాను:
ఇంగ్లీషు. ఫైటింగుల్లేవు.

ఏడు నెల్లు అరలోనే ఉంది.
ఒకాయన తీసుకుపోయి అరగంటలో తెచ్చిచ్చాడు.
"ఏంది ఖాజావలీ, మనకన్నా నల్లగా ఉన్నారు,
డబ్బులిచ్చి మరీ చూడాలంటావా?"
నేనూ నవ్వాను.
ఆ నవ్వు ఇంకా బాకీ ఉంది.

పెళ్ళిళ్ళ నెల, ఖాళీ క్యాసెట్టు దొరకలేదు.
దీని వెనక చిల్లుకి ప్లాస్టరు ముక్క అంటించి
సుభాషిణి పెళ్ళి ఎక్కించేశాను.
పాలిషింగ్ ఫ్యాక్టరీలో రాళ్ళు కడిగే పిల్ల.
బాప్టిస్టు చర్చిలో వెయ్యి వాట్ల లైటు మొహాన కొట్టాం,
"ఇంకాస్త తెల్లగా రావాలబ్బాయ్" అని
పెళ్ళికొడుకు మేనత్త నా వెనకే నిలబడింది.
తెరమీద ఆ పిల్లకి ముక్కు లేదు, చెక్కిళ్ళు లేవు.
దండలో తెల్లగా కాలిన గుండ్రం.

పెళ్ళి గంటా యాభై నిమిషాలు.
చివరి విస్తరి ఎత్తేశాక
గీతలు, ఇసక, ఒక్క క్షణం నీలం,
తర్వాత ఎక్కడిదో ఒక ఊరు, మెట్లు, వాన.
ఆయన నిలువునా తడిసి ఉన్నాడు.
ఆమె తలుపు సగం తీసింది.
మాటల్లేవు. నాలుగు నిమిషాలు. అంతే.

వారానికి సుభాషిణి కొట్టుకొచ్చింది.
తిడుతుందనుకున్నా.
"అన్నా, చేతిలో గొడుగు పెట్టుకుని
ఆయనెందుకు తడిశాడు?"
చెరగలేదమ్మా, కొత్తది చేసిస్తానన్నాను.
"ఒద్దొద్దు. ముందేం జరిగిందో చెప్పు."
నేను చూడలేదు.
చూడకుండానే చెరిపానని ఎట్టా చెప్పను?

క్యాసెట్లు పోయాయి, సీడీలు పోయాయి.
ఇప్పుడు నూర్ మొబైల్స్. పగిలిన గ్లాసులు మారుస్తాను.
మొన్న మా మేనల్లుడు, గొడుగు గుర్తు పట్టుకుని వెతికి
డిస్కు తెప్పించాడు.
మూలపడ్డ రీలు కడిగి, గీతలు మాన్పి,
ముప్పయ్యేళ్ళకి మళ్ళీ వేశారంట.
లోపల చిన్న పుస్తకం.
సొంత ఊళ్ళోనే పది రోజులాడలేదని రాసుంది.
షట్టరు సగం దించి కాసేపు కూర్చున్నాను.

తర్వాత ఫోను చేశాను.
సుభాషిణి వచ్చింది, గోళ్ళల్లో రాతిపొడి.
ఆయన గురించి నేనడగలేదు. ఆమె చెప్పలేదు.
కొట్లోనే చూశాం, రెండు స్టూళ్ళ మీద.

ఆ సినిమాలో ఎవరూ చావరు.
ఎవర్నీ పోలీసులు కొట్టరు.
ఆయన బస్సు కండక్టరు, ఆమె రాత్రిబళ్ళో లెక్కలు చెబుతుంది.
ఒక అప్పు, ఒక అబద్ధం, రెండేళ్ళ మౌనం.
కెమెరా పట్టినవాడెవడో రాయి తెలిసినవాడు.
మొహాన కొట్టలేదు లైటు, పక్కనించి పోనిచ్చాడు.
మా గని బండ పైకొచ్చినప్పుడు బూడిదరంగే,
సానబట్టి నీళ్ళు పోస్తే అప్పుడు నలుపు,
ఆ నలుపులో బంగారు నలుసులు.
ఆమె మెడ తిప్పినప్పుడల్లా అదే.
సుభాషిణి తన ముంజెయ్యి ఒకసారి చూసుకుంది,
చూసుకున్నట్టు కనపడకుండా.

గొడుగు ఆమెదేనంట.
విడిపోయిన రోజు ఆయన దగ్గరుండిపోయింది.
తిరిగివ్వడానికొచ్చాడు, వానలో, తెరవకుండా.

"అదా" అంది సుభాషిణి.
చాలాసేపటికి మళ్ళీ, "అదా."
తెర కింద అంకెల మీద వేలు పెట్టింది.
"ఇక్కడికి అయిపోయేది నా పెళ్ళి."

డిస్కు సంచిలో పెట్టుకుంటూ రోజుకెంతని అడిగింది.
పదే అన్నాను.
"రివైండ్ చెయ్యాలా?"
అలవాటు కొద్దీ అవునన్నాను.