మూడో అంతస్తు, సముద్రం వైపు

ఇది అద్దె ఇల్లని
ఉప్పుగాలికి ఎవరూ చెప్పలేదు.

లాసన్స్ బే కాలనీ, మే నెల, పొద్దున్న పదిన్నర.
సజ్జ మీద ఒక కాలు, కిటికీ ఊచల్లో ఒక కాలు,
నా నడుముకి కట్టిన తాడు రెండో కొస
మా గుంటడు గనిరాజు చేతిలో.
వాడి రెండో చేతిలో ఫోను.

మూత విప్పితే రాగి గొట్టం పచ్చబడి ఉంది.
అల్యూమినియం రేకులు వేలు తగిలితే చాలు
విభూదిలా రాలుతున్నాయి.
మూడేళ్ళు నిండని మిషను.
మర్రిపాలెంలో పుట్టుంటే పదేళ్ళు బతికేది.

స్పీకరులో ఓనరు కమలాకర్ గారు:
"పద్దెనిమిది మీద పెట్టుకుని పడుకుంటే పోదా మరి?
ఖర్చు వాళ్ళనే పెట్టుకోమను."
గదిలోంచి ఎస్తేరు గారు,
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి,
యూనిఫాం కూడా మార్చలేదు:
"అగ్రిమెంటులో ఏముందో చదవమంటారా?"
నేను గోడకి బయట.
ఇద్దరి మాటా వినబడే చోటు.
కింద కొబ్బరిబొండాల బండి అరచేయంత.

ముందు మురికి చదవరా, తరవాత మీటరు పెట్టు
అనేవాడు నాకు పని నేర్పిన సత్తిబాబు మేస్త్రి.
జ్ఞానాపురంలో ఫిల్టరు కడిగితే
నీళ్ళు నల్లగా పోతాయి, రేవు బొగ్గు.
పెందుర్తి వైపు ఎర్రమట్టి.
కొన్ని ఇళ్ళలో అగరొత్తుల మసి,
కొన్నింట పసిపిల్ల పౌడరు.
ఒకసారి ఒక ఫిల్టరు ఏమీ లేకుండా తెల్లగా ఉంది,
ఆ గదిలో ఎవరూ ఎక్కువ ఊపిరి తీసినట్టు లేదు.

ఈవిడ బాత్రూములో కుళాయి కింద పెడితే
నారింజ రంగు బొచ్చు.
గుప్పెడు.
జాలీకి అడ్డంపడి తిరుగుతోంది.

ఈవిడకి పిల్లి లేదు.
పిల్లి అంతకుముందున్న వయొలిన్ మేష్టారిది.
నాకు తెలుసు, నా సంచీలో పడుకునేది.
ఆయన ఖాళీ చేశాక
సర్వీసింగు చేయించానని చెప్పి
ఈవిడ అడ్వాన్సులో పద్దెనిమిది వందలు పట్టుకున్నారు ఓనరు గారు.
చేసింది నేను కాదు. ఎవరూ కాదు.

కమలాకర్ గారికి ఈ రోడ్డులో పదకొండు ఫ్లాట్లు.
పదకొండు ఏసీలు, తొమ్మిది గీజర్లు, రెండు లిఫ్టులు.
నా ఇంటి అద్దె ఎక్కడినుంచి వస్తుందో
నాకు తెలీదా?
కంచరపాలెంలో ఆ ఇంట్లో నాలుగు రోజులుగా
మోటారు నీళ్ళెక్కించట్లేదు.
మా ఓనరు నవ్వుతాడు,
"నీకేటిరా, మెకానిక్కువి కదా" అని.

చేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నాను.
"సార్, ఫిల్టర్లో పిల్లి బొచ్చు వచ్చిందండి."
అంతే అన్నాను.
అవతల గడియారం వినిపించింది, లేదా అలా అనిపించింది.
ఎక్కడో కుక్కరు కూసింది.
"ఎంతవుద్ది?" అన్నారాయన.

సబ్బు నురగ పూస్తే వంపు దగ్గర
ఒక్క బుడగ ఊరింది, పగిలింది, మళ్ళీ ఊరింది.
గాలికి మంట నిలవదు.
గనిరాజు ఫోను జేబులో పెట్టి
అట్టపెట్టె అడ్డం పట్టాడు, ఈ పూటకి మొదటిసారి మనిషిలా.
అతుకు వేశాను, గ్యాసెక్కించాను,
మిషను వెనక గోడ మీద పెన్సిలుతో తేదీ రాశాను.
ఇనుముని తింటుంది, రాగిని తింటుంది,
పెన్సిలు గీతని ఎందుకో ఈ సముద్రం తినదు.
పైన పాత తేదీ ఒకటే ఉంది.
అది బిగించిన రోజుది.

రేకులు ఇంకో వేసవి కాయవని
చెబుదామని లోపలికొస్తే
ఎస్తేరు గారు కుర్చీలోనే,
వాచీ పెట్టుకున్న చెయ్యి ఒళ్ళో,
నోరు కొంచెం తెరిచి.

గది ఇరవై ఆరుకి దిగుతోంది.
సంతకం అక్కర్లేదులే అన్నాను సైగతో.
గనిరాజు చెప్పులు చేత్తో పట్టుకుని
మూడంతస్తులూ అలాగే దిగాడు.